లోపమని రాస్తే ‘అభ్యర్థన’గా మార్చారు: డిజైన్ సాఫ్ట్‌వేర్‌కు ఏడాది డబ్బు ముందే కట్టేవారికి హెచ్చరిక

చెన్నైలో తెలుగు శుభలేఖలు, గుళ్ల కరపత్రాలు, క్యాలెండర్లు చేసే చిన్న డిజైన్ దుకాణాలవారు, ఇంటి నుంచే ఈ పని చేసుకునేవారు, గ్రాఫిక్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌కు ఏడాది సబ్‌స్క్రిప్షన్ కట్టే ముందు నా అనుభవాన్ని ఒకసారి చదవాలని కోరుతున్నాను. బగ్ (సాఫ్ట్‌వేర్‌లోని లోపం) లేని సాఫ్ట్‌వేర్ ఉండదని ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్న నాకు తెలుసు కాబట్టి, బగ్ ఉన్నందుకు నాకు కోపం లేదు. నేను పద్ధతి ప్రకారం తెలియజేసిన ఆ బగ్‌ను కంపెనీవారు లోపాల జాబితా నుంచి తీసి, కొత్త సౌకర్యాల కోసం వచ్చే అభ్యర్థనల జాబితాలో వేశారు. ఆ ఒక్క మార్పుతో నేను డబ్బు వాపసు అడిగే దారి మూసుకుపోయింది. ఈ పద్ధతి గురించి ముందే తెలిసి ఉంటే నేను ఆ డబ్బు కట్టేవాణ్ణి కాదు.

మా దుకాణం రాయపేటలో ఉంది. నేను, నా తమ్ముడు, ఒక సహాయకుడు మూడు కంప్యూటర్ల మీద పని చేస్తాం. చాలా కాలం మేము అను ఫాంట్లతోనే తెలుగు మేటర్ కంపోజ్ చేశాం. ఆ పాత పద్ధతిలో తెలుగు అక్షరాల ముక్కలను ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో కూర్చోబెడతారు కాబట్టి వత్తు ఎక్కడ పడాలో సాఫ్ట్‌వేర్‌కు తెలియవలసిన అవసరమే ఉండదు. ఇప్పుడు కస్టమర్లు మేటరంతా వాట్సాప్‌లో యూనికోడ్ తెలుగులోనే, అంటే ప్రతి అక్షరానికీ ప్రామాణిక సంకేతం ఉండే పద్ధతిలోనే పంపుతున్నారు. దానిని మళ్లీ టైపు చేస్తే తప్పులు దొర్లుతున్నాయని యూనికోడ్‌కు మారాలనుకున్నాం. ఒక సాఫ్ట్‌వేర్ అమ్మకపు పేజీలో భారతీయ భాషలన్నీ పనిచేస్తాయని స్పష్టంగా రాసి ఉంది. పదిహేను రోజుల ట్రయల్‌లో రెండు మూడు శీర్షికలు టైపు చేసి చూసి, బాగానే ఉందనుకుని, మూడు లైసెన్సులకు ఏడాది డబ్బు ఒకేసారి ఇరవై ఎనిమిది వేల రూపాయలు కట్టాను. అంత తక్కువగా పరీక్షించడం నా మొదటి తప్పు.

నాలుగు నెలలు పని సాఫీగానే సాగింది. ఆ తరువాత ఒక అప్‌డేట్ వచ్చింది. అదే వారంలో మేము చేసిన ఒక పెళ్లి పత్రికలో వధువు పేరులో ‘లక్ష్మి’ ఉంది. తెర మీద ఆ మాట చక్కగా కనిపించింది. కుటుంబానికి ప్రూఫ్‌గా పంపిన జేపీజీ బొమ్మలోనూ సరిగ్గానే ఉంది. ప్రెస్సుకు పంపిన పీడీఎఫ్‌లో మాత్రం అది ‘లక్‌ష్‌మి’ అని పొల్లులతో విడిపోయింది. ప్రూఫ్ ఒప్పుకున్న ఫైలే కదా అన్న ధీమాతో మేము పీడీఎఫ్‌ను మళ్లీ అక్షరం అక్షరం చూడలేదు. ఆండర్సన్ స్ట్రీట్‌లోని ప్రెస్సులో ఆరువందల పత్రికలు అచ్చయి, మడతకు వెళ్లే సమయంలో అక్కడ పనిచేసే నెల్లూరు పెద్దాయన ఒకరు ఫోన్ చేసి, “బాబూ, ఇది ఆడపిల్ల పేరయ్యా, ఇట్టా విరిచి అచ్చేస్తే ఇంట్లోవాళ్లు ఊరుకుంటారా?” అన్నారు. కాగితం, ప్లేట్లు, అచ్చుకూలి అన్నీ మేమే భరించి మళ్లీ వేయించాం. పద్నాలుగు వేలు ఖర్చయింది. ఆ పిల్ల తండ్రి మమ్మల్ని ఒక్క మాట అనలేదు గానీ, పత్రికలు రెండు రోజులు ఆలస్యంగా అందుకున్నప్పుడు ఆయన ముఖం చూసి నాకు కలిగిన బాధ ఆ పద్నాలుగు వేల కంటే పెద్దది.

ఇలా ఎందుకు జరుగుతుందో కొనేవారికి తెలిసి ఉండాలి. యూనికోడ్‌లో ‘లక్ష్మి’ అనే మాట ఏడు సంకేతాల వరుసగా నిలువ ఉంటుంది: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఈ వరుసను చదివి, ఫాంటులో ఉన్న నియమాల ప్రకారం ‘క్ష్మి’ అనే ఒక్క అక్షరంగా కూర్చే పని సాఫ్ట్‌వేర్ లోపల వేరే ఒక భాగం చేస్తుంది. హార్ఫ్‌బజ్ అనే ఉచిత భాగం ఈ పనినే క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్, లిబ్రేఆఫీస్ వంటి వాటిలో చేస్తోంది. ఒకే సాఫ్ట్‌వేర్‌లో తెరమీద చూపే దారి, పీడీఎఫ్ రాసే దారి, అక్షరాలను కర్వ్స్‌గా (ఫాంటు అవసరం లేని గీతలుగా) మార్చే దారి వేరువేరుగా ఉండవచ్చు. ఒక దారిలో కూర్పు జరిగి, మరొక దారిలో జరగకపోతే మాకు జరిగినట్టే జరుగుతుంది. అందువల్ల తెరమీద తెలుగు కనిపించినంత మాత్రాన అచ్చుకు పంపే ఫైలులోనూ తెలుగు ఉంటుందని అనుకోకూడదు.

నేను మొదట పంపిన ఫిర్యాదు పనికిరానిదని ఒప్పుకుంటాను. కోపంలో ‘కొత్త అప్‌డేట్ తరువాత తెలుగు సరిగా రావడం లేదు, వెంటనే సరిచేయండి’ అని మాత్రమే రాశాను. యంత్రం పంపిన జవాబు ఒకటి వచ్చింది, తరువాత వెర్షన్ సంఖ్య, ఆపరేటింగ్ సిస్టమ్, ఫాంటు పేరు అడిగారు. రెండోసారి అన్నీ వివరంగా పంపాను. తొమ్మిది రోజులకు ఒక మనిషి నుంచి జవాబు వచ్చింది: మీరు పంపిన రెండు బొమ్మల మధ్య మాకు తేడా కనిపించడం లేదు. మొదట నాకు ఆశ్చర్యం వేసింది, ఆలోచిస్తే అర్థమైంది. తెలుగు చదవలేని మనిషికి వత్తు కలిసి ఉన్న ‘క్ష్మి’, విడిపోయిన ‘క్‌ష్‌మి’ రెండూ ఒకే రకం గీతలుగా కనిపిస్తాయి. ఏది తప్పో అతనికి ఎవరైనా వేలు పెట్టి చూపాలి.

2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే అక్షరం ఐఫోన్లను కుప్పకూల్చిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒక ప్రత్యేకమైన సంకేతాల వరుసలో ఆ అక్షరం సందేశంగా వస్తే ఆ అప్లికేషన్ మూసుకుపోయి మళ్లీ తెరుచుకునేది కాదు. ప్రపంచమంతటా వార్త అయింది, కొద్ది రోజులలోనే ఆపిల్ ఐఓఎస్ 11.2.6 వెర్షన్‌తో దానిని సరిచేసింది. అక్కడ జరిగిన నష్టం తెలుగు రానివారికి కూడా కళ్లెదుట కనిపించింది. ఎవరైనా ఆ అక్షరాన్ని అతికించి తమ ఫోనులోనే పరీక్షించుకోగలిగారు. మన వత్తు విడిపోతే ఏ యంత్రమూ ఆగిపోదు, ఏ హెచ్చరికా రాదు. చదవగలిగిన మనకు తప్ప అది తప్పని ఎవరికీ తెలియదు. మన భాష బగ్‌లు ఏళ్ల తరబడి పడి ఉండడానికి ఇది ఒక ముఖ్య కారణమని నేను నమ్ముతున్నాను.

మూడోసారి తప్పు ఉన్న చోట ఎర్రగీత చుట్టి, పక్కన సరైన రూపం పెట్టి, కేవలం ‘లక్ష్మి’ అనే ఒక్క మాట ఉన్న కొత్త ఫైలు తయారుచేసి, ఎవరైనా ఉచితంగా దించుకోగల నోటో సాన్స్ తెలుగు ఫాంటుతోనూ అదే తప్పు వస్తోందని చూపించాను. అప్పుడు మాత్రమే తేడా ఉందని ఒప్పుకున్నారు. అయితే ఆ మరుసటి వారమే నా ఫిర్యాదు స్థితి మారిపోయింది. పీడీఎఫ్ ఎగుమతిలో సంక్లిష్ట లిపుల (తెలుగులా అక్షరాలు కలిసి రూపం మారే లిపుల) కూర్పు ప్రస్తుతానికి ఉత్పత్తిలో భాగం కాదని, అందువల్ల ఇది లోపం కాదని, ఇంతకు ముందే ఉన్న ఒక అభ్యర్థనతో దీనిని కలిపేశామని రాశారు. ఆ అభ్యర్థన తెరిచి చూస్తే అది నాలుగేళ్ల నాటిది. దాని కింద తమిళం, మలయాళం, కన్నడం, బెంగాలీ వాడేవారు కూడా ఇదే బాధ చెప్పుకున్నారు, ప్రతి ఏడూ ‘పరిశీలనలో ఉంది’ అన్న జవాబే వచ్చింది. పాత వెర్షన్‌లో నాలుగు నెలలు సరిగ్గా వచ్చిన అక్షరం కొత్త వెర్షన్‌లో విడిపోతే, దానిని కొత్త సౌకర్యం కోసం చేసిన కోరిక అని ఎలా అంటారని అడిగాను. జవాబు రాలేదు. డబ్బు వాపసు కోసం రాస్తే, లోపం ఉన్నప్పుడే వాపసు వర్తిస్తుందని, అభ్యర్థనలకు వర్తించదని ఒకే వాక్యంలో ముగించారు. పాత వెర్షన్‌కు తిరిగి వెళ్దామంటే ఇన్‌స్టాలర్ మా దగ్గర లేదు. పైగా కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైళ్లు పాతదానిలో తెరుచుకోవు.

కాబట్టి కొనే ముందు ఆ కంపెనీ లోపాల జాబితా, అభ్యర్థనల జాబితా బయటివారికి కనిపిస్తాయో లేదో చూడండి. కనిపిస్తే తెలుగు, తమిళం, ఇండిక్ అనే మాటలతో వెతికి, ఎన్నేళ్ల నాటి ఫిర్యాదులు తెరిచే ఉన్నాయో చదవండి. ఇంక్‌స్కేప్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో ఈ జాబితా మొత్తం బహిరంగం. ఏ బగ్‌ను ఎవరు పరిశీలించారో, ఏ వెర్షన్‌లో సరిచేశారో ఎవరైనా చూడవచ్చు. డబ్బు తీసుకునే కంపెనీలలో అంత పారదర్శకత అరుదు. ‘ప్రణాళికలో ఉంది’, ‘త్వరలో వస్తుంది’ అనే మాటలకు తేదీ ఉండదు. అమ్మకపు ప్రతినిధి చాట్‌లో వచ్చే వెర్షన్‌లో సరవుతుందని చెప్పినా, ఈ రోజు ఉన్న సరుకుకే ధర కట్టండి, రేపు వస్తుందన్నదానికి కట్టవద్దు. అభ్యర్థనలకు వాడేవారు వేసే ఓట్ల లెక్క మీద కూడా ఆశ పెట్టుకోకండి. కోట్ల మంది చదివే లిపి అయినా, ఆ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు కూర్చేవారు వందల్లోనే ఉంటే ఓట్లూ అంతే పడతాయి.

ట్రయల్ రోజులలో ‘శుభలేఖ’ అని టైపు చేసి తృప్తి పడవద్దు. స్వాతంత్ర్యం, జ్యేష్ఠ, వైశిష్ట్యం, వాఙ్మయం, కృష్ణ, రాష్ట్రం, జ్ఞానం, లక్ష్మి వంటి మాటలతో ఒక పేజీ సిద్ధంగా ఉంచుకోండి. దానిని పీడీఎఫ్‌గా, ఎస్‌వీజీగా (గీతల రూపంలో నిలువ ఉండే బొమ్మ ఫైలుగా), కర్వ్స్ చేసి, బొమ్మగా, మీ ప్రెస్సు అడిగే ప్రతి రూపంలోనూ ఎగుమతి చేసి, ఒక్కొక్కటీ పెద్దది చేసి చదవండి. అక్షరాల మధ్య దూరం పెంచినప్పుడు, అక్షరాలను వంపు గీత మీద నడిపినప్పుడు వత్తులు విడిపోవడం తరచుగా కనిపిస్తుంది. పత్రికల మీద దేవుడి పేరును విల్లులా వంచి వేయడం మనకు అలవాటు కాబట్టి దానిని తప్పక పరీక్షించండి. వీలైతే ఆ పేజీని మీ ప్రెస్సులో ఒక్క కాపీ తీయించి చూడండి. ప్రతి అప్‌డేట్ తరువాత కూడా ఇదే పేజీని మళ్లీ నడపండి, పని మధ్యలో ఉన్న వారంలో అప్‌డేట్ చేయనే వద్దు, పాత ఇన్‌స్టాలర్‌ను భద్రపరచుకోండి.

మరొక తప్పు నేను చేశాను, అది మీరు చేయకూడదని ప్రత్యేకంగా కోరుతున్నాను. మొదటి ఫిర్యాదుకు ఆ పెళ్లి పత్రిక ఫైలునే జతచేశాను. అందులో రెండు కుటుంబాల పేర్లు, ఇంటి చిరునామా, ఫోన్ నంబర్లు ఉన్నాయి. ఆ ఫైలు ఎవరైనా దించుకోగలిగే చోట కొన్ని గంటలు ఉందని తరువాత గమనించి, తీసివేయమని వేడుకోవలసి వచ్చింది. బగ్ చూపడానికి ఒక్క మాట చాలు. కస్టమర్ ఫైలు ఎన్నడూ పంపవద్దు.

ఫిర్యాదు రాసేటప్పుడు ఒక్కొక్క తప్పుకు ఒక్కొక్క నివేదిక రాయండి. ఏ బటన్ తరువాత ఏ బటన్ నొక్కితే తప్పు వస్తుందో వరుసగా, ఏమి రావాలో, ఏమి వచ్చిందో విడివిడిగా రాసి, ఏ వెర్షన్ వరకు సరిగా ఉండేదో తప్పక చెప్పండి. అన్నిటికంటే ఈ చివరి మాటే ముఖ్యమైనది. ‘ఇంతకు ముందు పనిచేసింది, ఇప్పుడు పనిచేయడం లేదు’ అని మొదటి వాక్యంలోనే, ఆధారంతో సహా ఉంటే దానిని అభ్యర్థనగా మార్చడం వారికి కష్టమవుతుంది. పాత వెర్షన్‌తో తీసిన పీడీఎఫ్ ఒకటి నేను మొదటే జతచేసి ఉంటే నా వాదన ఇంకా గట్టిగా నిలిచేది. అమ్మకపు పేజీలో మీ భాష గురించి ఏమి రాశారో కొన్న రోజే తేదీతో స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. నేను అడిగిన తరువాత ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ పేజీలో ఆ వాక్యం మారిపోయింది.

వాపసు నిరాకరించినప్పుడు అక్కడితో ఆగిపోనక్కరలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపార ప్రయోజనం కోసం కొన్నవారిని వినియోగదారులుగా లెక్కించదు గానీ, స్వయం ఉపాధితో జీవనోపాధి కోసం మాత్రమే కొని వాడుకునేవారికి మినహాయింపు ఇస్తుంది. ఒంటరిగా పనిచేసే డిజైనర్లు ఈ మాట గుర్తుంచుకోవాలి. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటలలో తెలియజేయాలి, నెల రోజులలో పరిష్కరించాలి. భారతదేశంలోని వినియోగదారులకు క్రమబద్ధంగా అమ్మే విదేశీ సంస్థలకు కూడా ఈ నియమాలు వర్తిస్తాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మీరు నివసించే చోటనే కేసు వేయవచ్చు, ఐదు లక్షల వరకు చెల్లించిన వాటికి రుసుము లేదు, కారణం ఏర్పడిన రెండేళ్లలోపు వేయాలి.

నేను 1915 ద్వారా ఫిర్యాదు చేసిన ఐదు వారాలకు మిగిలిన నెలలకు లెక్కగట్టి రెండు లైసెన్సుల డబ్బు వాపసు ఇచ్చారు. మూడో లైసెన్సు, అచ్చు ఖర్చు రాలేదు. పాత ఫైళ్లు తెరవడానికి ఆ ఒక్క లైసెన్సును ఏడాది చివరిదాకా ఉంచుకోక తప్పలేదు. అది తనంతట తాను పొడిగింపు కాకుండా బ్యాంకు యాప్‌లోనే ఆటో డెబిట్ ఆదేశాన్ని రద్దు చేశాను. రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం డబ్బు తీసుకునే ముందు కనీసం 24 గంటల ముందు మీకు సందేశం రావాలి, దానిలోనే వద్దనే అవకాశం ఉండాలి. ఆ సందేశాన్ని ప్రకటన అనుకుని తుడిచివేయకండి. ‘లక్ష్మి’ గురించిన నా నివేదిక మాత్రం ఈ రోజు ఉదయం చూసినప్పుడు కూడా ‘పరిశీలనలో ఉంది’ అనే చోటే ఉంది.