షట్‌డౌన్ మెసేజ్‌లు చూడ్డానికి జర్నల్‌సీటీఎల్: ఏళ్ల తరబడి వాడాక

2019లో డెబియన్ 10 వచ్చినప్పట్నుంచి ఇంట్లో డెస్క్‌టాప్‌లో డెబియనే, అంటే ఒక రకం లినక్స్. మొదట్లో షట్‌డౌన్ కొడితే నల్ల స్క్రీన్ మీద ఎర్ర స్టార్లు అటూ ఇటూ కదులుతూ, స్టాప్ జాబ్ (ఏదో ప్రోగ్రామ్‌ని ఆపే పని) రన్ అవుతోందంటూ 1 నిమిషం 30 సెకన్లు లెక్కపెట్టేది, ఆ తర్వాత గబగబా నాలుగు లైన్లు వచ్చేవి, చదివేలోపే మానిటర్ ఆరిపోయేది. ఫోన్‌లో వీడియో తీసి ఆపుకుంటూ చదివిన రోజులున్నాయి.

లాగ్‌లో ఉంటుంది కదా అని చూస్తే ఏమీ లేదు. అప్పట్లో డెబియన్‌లో జర్నల్ (సిస్టమ్ మెసేజ్‌లు దాచే లాగ్) ర్యామ్‌లోనే ఉండేది, మెషిన్ ఆగితే అదీ పోయేది. /var/log కింద journal అని ఫోల్డర్ పెట్టి రీస్టార్ట్ చేశాకే డిస్క్ మీద నిలబడింది. డెబియన్ 11 నుంచి ఆ పనీ లేదు, డీఫాల్ట్‌గానే దాస్తుంది.

ఇక ఆ జర్నల్‌ని చూపించే కమాండ్ జర్నల్‌సీటీఎల్‌ని సుడోతో (అడ్మిన్ హక్కులతో) sudo journalctl -b -1 -e అని కొడితే చాలు, పోయినసారి బూట్‌లో చివరి లైన్లు నేరుగా కళ్లముందుంటాయి. నా దోషి అలాగే దొరికింది: బ్యాకప్ మధ్యలో ఆగిపోకూడదని నేనే స్క్రిప్ట్‌లో సిగ్‌టర్మ్‌ని (ఇక ఆగమని చెప్పే సిగ్నల్) పట్టించుకోకుండా ట్రాప్ అనే కమాండ్ పెట్టా, సర్వీసుల్ని నడిపే, ఆపే సిస్టమ్‌డీ పాపం 90 సెకన్లు ఆగి సిగ్‌కిల్ (బలవంతంగా ఆపే సిగ్నల్) పంపేది, ఆ రెండు లైన్లూ టైమ్‌తో సహా అక్కడే ఉన్నాయి. ట్రాప్ తీసేశా, ఇప్పుడు కొన్ని సెకన్లలో ఆగిపోతోంది.

ఒక లోటు ఉంది, అది తెలుసుకుని వాడండి. జర్నల్ కూడా ఒక సర్వీసే, అది ఆగాక జరిగే చివరి అన్‌మౌంట్ (డిస్క్‌లని విడదీసే) గొడవలు అందులో పడవు. అవి కావాలంటే గ్రబ్ (బూట్‌లోడర్) సెట్టింగ్‌లో మెసేజ్‌లు దాచే క్వైట్ అనే మాట తీసేసి స్క్రీన్ మీదే చూడాలి, లేదా సిస్టమ్‌డీ వాళ్ల system-shutdown ఫోల్డర్‌లో చిన్న స్క్రిప్ట్ పెట్టి dmesg (కెర్నల్ మెసేజ్‌లు చూపే కమాండ్) ఇచ్చేదాన్ని ఫైల్‌లోకి రాయించాలి.

మాకు కరెంటు కోతలు ఎక్కువ, యూపీఎస్ లేదు. మామూలుగా ఆపితే లాగ్ "జర్నల్ స్టాప్డ్" అనే లైన్‌తో ముగుస్తుంది, కరెంటు పోతే ఏదో పని మధ్యలో తెగిపోయి ఉంటుంది. డిస్క్ చెక్ చెయ్యాలా వద్దా అన్నది నేను ఆ ఒక్క లైన్ చూసే తేల్చుకుంటా. జర్నల్ సైజు 500 ఎంబీకి కట్టేశా, అయినా పాత బూట్‌లు చాలా వెనక్కి దొరుకుతున్నాయి.