కూలిన గోడ ఏడికి పోయింది సార్? (నా 1:35 వీధి, రెండున్నరేళ్ల తర్వాత)

తార్నాకలో మేముండే ఇంటి మేడ మీద ఒక రేకుల గది ఉంది. పాత కుక్కర్లు, దసరా బొమ్మలు, కూలర్ దాచుకునే గది. అందులోనే ఓ మూల 45 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పున్న ప్లైవుడ్ పలక మీద 1944 జులై నాటి ఇటలీ వీధి ఒకటి, అసలుదానిలో 35వ వంతు (1:35) సైజు బొమ్మగా ఉంది. కట్టడానికి దాదాపు ఏడాది పట్టింది. మిగతా కాలమంతా అది అక్కడే ఎండకు ఎండి, వానకు చెమ్మబట్టి, దుమ్ము కొట్టుకుని ఉంది. ఇలాంటి బొమ్మల కిట్ డబ్బా తెరవగానే ముక్కలు లెక్కపెట్టి అయిదు చుక్కలు వేసేవాళ్లు చాలామంది ఉన్నారు. రెండు ఎండాకాలాలు, రెండు వానాకాలాలు దాటాక ఏది నిలిచింది, ఏది వంగింది, దేనికి బూజు పట్టింది అన్నది చెప్పేవాళ్లు నాకు దొరకలేదు. అందుకే ఈ సమీక్ష.

ఇటలీయే ఎందుకంటే, ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికిన ఓ పాత యుద్ధ ఫొటోల పత్రికలో తలపాగా పెట్టుకున్న సిపాయిలు ఒక రాతి ఇళ్ల సందులో నడుస్తున్న బొమ్మ చూశాను. రెండో ప్రపంచ యుద్ధంలో 4, 8, 10వ భారత డివిజన్లు ఇటలీలో పోరాడాయి. 10వ డివిజన్ టైబర్ నది ఎగువ లోయలో కొండ ఊళ్లను ఒక్కొక్కటే పట్టుకుంటూ పైకి వెళ్లింది. జులై 10న అక్కడే మరాఠా సిపాయి యశ్వంత్ ఘాడ్గే ఒంటరిగా మెషిన్‌గన్ మీదికి ఉరికి చనిపోయాడు. ఆయనకు విక్టోరియా క్రాస్ ఇచ్చారు. మోంటోనే ఊళ్లో 2023లో ఆయన స్మారకంగా ఒక సూర్యగడియారం పెట్టారు. నేను ఆ పోరును బొమ్మగా చేయలేదు. నాది పోరు అయిపోయిన మర్నాటి వీధి. ఒక జీపు, నలుగురు మనుషులు, సగం కూలిన ఇల్లు, అంతే.

ముందు జీపు సంగతి. బొమ్మల కిట్లు చేసే జపాన్ కంపెనీ టమియా వాళ్ల 1:35 విల్లీస్ జీపు. 9 సెంటీమీటర్ల పైచిలుకు పొడవుంటుంది, అరచేతిలో పట్టేస్తుంది. దీని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, ఎందుకంటే ఇబ్బందేమీ పెట్టలేదు. ముక్కకు ముక్క కూర్చుంది. సన్న కుంచె ఉన్న ఆకుపచ్చ మూత జిగురు అంచుకు ఆనిస్తే చాలు, సందులోకి తనే పాకిపోతుంది. ఆలివ్ డ్రాబ్ (మిలిటరీ ఆకుపచ్చ) రంగు వేసి, ముదురు గోధుమ వాష్ (పలచటి రంగు నీళ్ల పూత) ఇచ్చి, చక్రాల దగ్గర దుమ్ము రంగు పొడి అద్దాను. ఇన్నాళ్లయినా ఒక్క ముక్క ఊడలేదు. (ఈ 35వ వంతు అనే వింత కొలత కూడా టమియా నుంచే మొదలైంది. 1960ల తొలినాళ్లలో మోటారుతో నడిచే ప్యాంథర్ ట్యాంకు బొమ్మ చేస్తూ, లోపల బ్యాటరీలు పట్టేలా సైజు పెట్టుకున్నారు. తర్వాత కొలిస్తే అది అసలుదానిలో 35వ వంతు తేలింది.)

జీపు ముందు బంపర్ మీద నిలువుగా ఒక ఇనుప కమ్మీ పెట్టాను, స్టేపుల్ పిన్నులు అతికించి. జర్మన్లు రోడ్డుకు అడ్డంగా మెడ ఎత్తులో తీగ కట్టేవాళ్లు, అద్దం కిందికి మడిచిన జీపులో వెళ్లేవాడి గొంతు తెగేలా. ఆ తీగను తెంపడానికే ఈ కమ్మీ. మా అక్క కొడుకు చూసి "ఇదేంటి మామా?" అన్నాడు. సంక్రాంతికి వాడు తన బండి హ్యాండిల్‌కి కట్టుకున్న కమ్మీ చూపించి "మాంజాకు నువ్వు కట్టుకున్నదేరా" అన్నాను. ఇంకేమీ వివరించాల్సిన పని పడలేదు.

అసలు కథంతా ఇంటితోనే. కూలిన ఇల్లు కిట్ ఒకటి తెప్పించాను. కంపెనీ పేరు ఎందుకులెండి. పలచని ప్లాస్టిక్ రేకును వేడి చేసి అచ్చు మీద పీల్చి చేసిన రకం. గోడకు ముందు ఒక రేకు, వెనక ఒక రేకు, రెంటినీ కత్తిరించి, అంచులు రుద్ది అతికించాలి. ఆ రుద్దుడికే నాలుగు ఆదివారాలు పోయాయి. జీపు కంటే ఇంటికే ఎక్కువ డబ్బు పెట్టాను. అతికించి, రంగేసి, మురిసిపోయి, రేకుల గదిలో కిటికీ పక్కన పెట్టాను. ఏప్రిల్‌లో మన ఎండ సంగతి తెలిసిందే. మూడు వారాల తర్వాత చూస్తే పై అంతస్తు గోడ అప్పడం లాగా ముందుకు ఒంగి, అతుకు విచ్చుకుని ఉంది. తప్పు పూర్తిగా కిట్‌దని అనను, కిటికీ పక్కన పెట్టింది నేనే. బరువు పెట్టి, మళ్లీ అతికించి, విచ్చిన చోట పుట్టీ కూరి ఎలాగో నిలబెట్టాను.

మే నెలాఖరులో పిట్టగోడ పగులు పూడ్చడానికి ఒక మేస్త్రి వచ్చాడు. నీళ్లు తాగుతూ గదిలోకి తొంగిచూసి, నా బొమ్మ ఇంటి ముందు గొంతుక్కూర్చున్నాడు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నాడు:

"గోడ గిట్ల కూలదు సార్."

ఎలా కూలుతుందన్నాను. చేతిలో ఉన్న తాపీతోనే చూపించడం మొదలుపెట్టాడు. మూలల్లో రాళ్లు ఒకదాన్నొకటి కరచుకుని ఉంటాయి, అందుకని మూల నిలబడుతుంది, నడుమ జారుతుంది. కిటికీ మీది బండ విరిగితే దాని పైన ఉన్నదంతా బోర్లించిన గంపలా రాలుతుంది. నా కిట్‌లో కిటికీ పైన ఏ ఆధారమూ లేదు, అయినా గోడ నిక్షేపంగా నిలబడింది. "రాతిగోడ రెండడుగుల మందం ఉంటది. మీది నాలుగించులు గూడ లేదు." చివరికి అసలు మాట అన్నాడు: "కూలిన గోడ ఏడికి పోయింది సార్? ఎవలన్న ఎత్తుకపోయిన్రా?"

కింద నేను పోసిన శిథిలాలు మహా అయితే రెండు చెంచాలు.

పాతబస్తీలో డంగు సున్నం ఇళ్లు ఇరవయ్యేళ్లుగా పడగొడుతున్నాడట ఆయన. ఆ రాత్రి కూర్చుని లెక్క కట్టాను. గోడలో లేని భాగం 12 సెంటీమీటర్ల వెడల్పు, 10 ఎత్తు. రెండడుగుల మందమంటే 35వ వంతులో 1.7 సెంటీమీటర్లు. గుణిస్తే 204 ఘన సెంటీమీటర్లు. రాలిన రాళ్ల మధ్య ఖాళీలు ఉంటాయి కాబట్టి కుప్ప ఇంకా పెద్దదవుతుంది, సుమారు 300. అంటే పెద్ద గ్లాసు నిండా. నేను పోసింది 30. కిట్ డబ్బా మీది ఫొటోలో కూడా అంతే పోశారు, నేను దాన్ని చూసే పోశాను.

ఆ కిట్ తీసి అటక మీద పడేశాను. రాణీగంజ్‌లో గట్టి ఫోమ్ షీటు దొరికింది, కూలింగ్ గదుల గోడలకు వాడే రకం. పూసలు పూసలుగా రాలే థర్మకోల్ దీనికి పనికిరాదు. రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్‌తో రాళ్ల గీతలు నొక్కాను. అల్యూమినియం ఫాయిల్‌ను ఉండ చుట్టి దానితో అద్దితే రాతి గరుకు వస్తుంది. ప్లాస్టిక్ జిగురు మాత్రం ఫోమ్‌కి తగలనివ్వకండి. నేను ఒక్క చుక్క వేశాను, పెసరగింజంత బొక్క పడింది. దాన్నే తూటా దెబ్బగా ఉంచేశాను. గోడ మీద పూత కోసం మేస్త్రి వదిలి వెళ్లిన వాల్ పుట్టీ పలచగా రాసి ఎండలో పెడితే, సాయంత్రానికి సహజంగా బీటలు ఇచ్చింది. నా గోడను పాడుచేసిన ఎండే ఈ పని చేసిపెట్టింది.

శిథిలాల కోసం పక్కింట్లో ఫాల్స్ సీలింగ్ పని చేసినవాళ్లు పారేసిన పీఓపీ ముక్కలు సంచీడు తెచ్చాను. సుత్తితో కొట్టి మూడు రకాలుగా జల్లించాను: పిండి జల్లెడ, టీ వడగట్టు, చున్నీ గుడ్డ. పెద్దవి ముందు, నలుసులు ఆఖరున. తెల్ల జిగురు ఒక వంతు, నీళ్లు మూడు వంతులు, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క కలిపి డ్రాపర్‌తో పోయాలి. ఆ చుక్క లేకపోతే జిగురు నీళ్లు పొడి మీద ముత్యాల్లా నిలబడతాయి తప్ప లోపలికి ఇంకవు. వీధి మధ్యలో జీపు పట్టేంత దారి వదిలి కుప్పంతా గోడవైపు నెట్టాను. సైన్యం వెనకాలే బుల్డోజర్లు వచ్చి దారి తీసేవి కదా. దూలాలకు అగ్గిపెట్టెకు గీకే పెద్ద పుల్లలు, వాసాలకు చీపురు పుల్లలు. చీపురు పుల్లకు సహజంగానే వయసు కనిపిస్తుంది, రంగు కూడా అక్కర్లేదు.

కప్పు దగ్గర మా అమ్మ పనికొచ్చింది. ఇటలీ ఇళ్ల మీద అర్ధచంద్రాకారపు మట్టి పెంకులు ఉంటాయి, ఒక వరస వెల్లకిలా, ఒక వరస బోర్లా. ఫొటో చూసి అమ్మ "ఇవి మన గూన పెంకులే కదరా!" అంది. జనగామ దగ్గర మా ఊరి ఇంటి మీద అవే ఉండేవి. కోతులు తిరిగి పెంకులు జరిగితే వానకు ముందు ఎలా సర్దేవాళ్లో, చూరు దగ్గర మొదలుపెట్టి పైకి ఎలా పేర్చుకుంటూ వెళ్లేవాళ్లో గంటసేపు చెప్పింది. నేను రీఫిల్ చుట్టూ జిగురు పూసిన డ్రాయింగ్ కాగితం చుట్టి, ఆరాక నిలువునా చీల్చి, 13 మిల్లీమీటర్ల చొప్పున కోశాను. మూడు వందలకు పైగా పెంకులు. సగం అమ్మే కోసింది, సీరియల్ చూస్తూ.

మనుషుల విషయానికొస్తే, అంగట్లో తేలిగ్గా దొరికినవి టమియా బ్రిటిష్ ఎనిమిదో సైన్యం సిపాయిలు. ఇద్దరి నెత్తిన ఇనుప టోపీలు గీకేసి, టిష్యూ కాగితాన్ని మూడు మిల్లీమీటర్ల పట్టీలుగా కోసి, జిగురు నీళ్లలో ముంచి తలపాగాలు చుట్టాను. నుదుటి మీద మడతలు ఒకదానిమీదొకటి వాలుగా రావాలి. ఆరుసార్లు చెడింది, ఏడోసారి కుదిరింది. రంగు సీసా మీద ఒంటి రంగు అని రాసి ఉన్నది ఎవరి ఒంటి రంగో గానీ మనది కాదు. గోధుమ, కొంచెం ఎరుపు, చిటికెడు పసుపు కలుపుకున్నాను. తలపాగా అంటే గుర్తొచ్చింది, బ్రిటిష్ వాయుసేన 152వ స్క్వాడ్రన్ పేరులో హైదరాబాద్ ఉండేది, దాని చిహ్నం మీద నిజాం తలపాగా ఉండేది. ఆ దస్తార్ ఈ సైజులో చుట్టమంటే మాత్రం నా వల్ల కాదు.

ఇక కాలం పెట్టిన పరీక్ష. ఫోమ్ గోడకు ఏమీ కాలేదు. పుట్టీ బీటలు అలాగే ఉన్నాయి. జీపు, మనుషులు బాగున్నారు. వాయెహో కంపెనీ రంగులతో కుంచెతో వేసిన ముఖాలు ఇప్పటికీ తాజాగా ఉన్నాయి. దెబ్బతిన్నది మట్టి, ఆకులు. ఊరి నుంచి తెచ్చిన ఎర్రమట్టిని నేరుగా చల్లాను. మొదటి వానాకాలంలో దాని మీద తెల్లగా బూజు లేచింది. గోడ పక్కన ఎండిన పొదలా పెట్టిన తులసి వెన్నులు నల్లబడ్డాయి. అంతా గీకి, కొత్త మట్టిని మూకుట్లో బాగా వేయించి మళ్లీ చల్లాను. ఆ మూకుడు మళ్లీ వంటింట్లోకి రావడానికి వీల్లేదని మా ఆవిడ తీర్మానించింది, న్యాయమే. రెండో వానాకాలంలో బూజు రాలేదు. తులసి బదులు సన్న తాడు పీచుకు రంగేసి పెట్టాను.

దుమ్ము కోసం సైన్‌బోర్డులు చేసే షాపులో 3 మిల్లీమీటర్ల యాక్రిలిక్ షీటుతో మూత చేయించాను. ఇది మొదటి రోజే చేయించాల్సింది. మూతలేని నాలుగు నెలల్లో వీధి మీద పడ్డ తార్నాక దుమ్మును మేకప్ కుంచెతో దులపడానికి ఒక పూట పట్టింది, ఆ దులపడంలో ఒక సిపాయి రైఫిల్ విరిగింది. ఓ బల్లి కూడా కొన్నాళ్లు కప్పు కింద కాపురం పెట్టింది.

మళ్లీ మొదలుపెడితే జీపు, మనుషులు, రంగులు, మంచి కటర్ మాత్రం కొంటాను. ఇల్లు కొనను. ఇటుక గోడల ఊరైతే సంగతి వేరు. 6, 7 మిల్లీమీటర్ల ఇటుకలు వేలల్లో గీయడం కన్నా కొనడమే నయం, ఎండకు దూరంగా పెట్టుకోగలిగితే. ప్లాస్టిక్ జిగురు, స్ప్రేలు వాడేటప్పుడు కిటికీ తెరిచి ఉంచండి. రేకుల గదిలో తలుపు మూసుకుని పనిచేసి రెండు రోజులు తలనొప్పితో పడుకున్నవాణ్ని నేను.

మొన్న వాటర్ ట్యాంకు కారుతుంటే అదే మేస్త్రి వచ్చాడు. అడగకుండానే గదిలోకి వెళ్లి మూత తీయించాడు. గోడ మూల చూసి తలూపాడు. కిటికీ బండ విరిగిన తీరు చూసి ఏమీ అనలేదు, అంటే బాగున్నట్టే. తర్వాత కుప్పలో వేలు పెట్టి అడిగాడు: "గోడ పడ్డది, దూలం పడ్డది, మరి పెంకులేవి సార్?"

నిజమే. కప్పు సగం లేచిపోయింది, కింద కుప్పలో ఉన్నవి తొమ్మిదో పదో పెంకులు. ఇంకో వంద కోయాలి. అమ్మకు చెప్పాను, సీరియల్ ఎనిమిదింటికి అంది.