స్లామ్ బుక్ కొన్నాం: నాలుగో ప్రశ్న తప్ప మిగతావి నచ్చాయి

మా అమ్మాయి ఈమధ్యే బడి మారింది. కొత్త క్లాసులో ఎవరూ తెలియరు. తనే అడిగితే, తోటి పిల్లలు తమ గురించిన ప్రశ్నలకు జవాబులు రాసే ఈ స్లామ్ బుక్ కొనిచ్చాను. మూడు వారాలు వాడాక రాస్తున్నాను.

అట్ట గట్టిది. స్పైరల్ బైండింగ్ కాబట్టి బల్ల మీద పూర్తిగా తెరుచుకుంటుంది, అన్ని చేతులు మారినా ఒక్క పేజీ ఊడలేదు. కాగితం మాత్రం పల్చన. జెల్ పెన్నుతో రాస్తే వెనక్కి ఊరుతోంది, బాల్ పెన్నే వాడాలి. తాళం పిన్నీసుతో కూడా వచ్చేస్తుంది. ఆ తాళాన్ని నమ్మి పిల్లలు లోపల మనసులో మాట రాస్తారు, అందుకే దీన్ని చిన్న లోపం అనలేను.

ప్రశ్నల్లో కొన్ని ఎంత బాగున్నాయో! "నీకు వచ్చిన పని, ఎవరికీ తెలియనిది ఏది?" అన్న దాని కింద ఒకమ్మాయి "ఈల వేయడం" అని రాసింది. మర్నాడు మా అమ్మాయి వెళ్లి నేర్పమని అడిగింది. ఇప్పుడు ఇద్దరిదీ ఒకే బెంచీ. పుస్తకానికి పెట్టిన డబ్బు నాకు అక్కడికే గిట్టింది.

నాలుగో ప్రశ్న: "నీ క్రష్ ఎవరు?" పేరు, పుట్టినరోజు, ఇష్టమైన రంగు, వెంటనే ఇది. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఇలాంటి పుస్తకంలోనే ఒకబ్బాయి పేరులో మొదటి అక్షరం రాశాను. మధ్యాహ్నానికల్లా క్లాసంతా చదివేసింది. అప్పటిదాకా మేమిద్దరం కలిసి మ్యాపులు గీసేవాళ్లం. నదులకు అతను నీలం రంగు వేస్తే, పేర్లు నేను రాసేదాన్ని. ఆ రోజు నుంచి అతను నావైపు చూడటమే మానేశాడు. నాకు కావలసిందల్లా పక్కన కూర్చుని ఇంకో మ్యాపు గీయడం. దానికి వేరే మాట తెలియక, అడిగిన చోట ఆ అక్షరం రాశాను. ఇప్పటికీ ఆ స్నేహం పోయినందుకు బాధగానే ఉంటుంది.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఆర్థర్ ఆరన్ బృందం 1997లో ప్రచురించిన ప్రయోగం ఒకటి ఉంది. ముక్కూ మొహం తెలియని వాళ్లను జంటలుగా కూర్చోబెట్టి 36 ప్రశ్నలిచ్చారు. తేలికవి ముందు, లోతైనవి తర్వాత. ఇద్దరూ జవాబు చెప్పాలి. ముప్పావుగంటలో వీళ్లు, పైపై కబుర్లు చెప్పుకున్న జంటల కన్నా దగ్గరయ్యారు. ఈ పుస్తకంలో ఆ వరసా లేదు, పుస్తకం ఇచ్చిన వాళ్లు కూడా తమ గురించి చెప్పుకోవాలన్న నియమమూ లేదు.

అందుకని బడికి తీసుకెళ్లే ముందే మొదటి రెండు పేజీలు మా అమ్మాయి తన గురించి నింపింది. నా మ్యాపుల సంగతి విన్నాక, నాలుగో ప్రశ్న మీద ప్రతిచోటా తెల్ల కాగితం ముక్క అంటించి "సాయంత్రం మనం ఏం ఆడదాం?" అని తనే రాసుకుంది. ఎక్కువ జవాబులు దానికే వచ్చాయి.

5కి 3 ఇస్తున్నాను. ఆ ప్రశ్న తీసేసి, తాళం సరిచేస్తే ఇంకొకటి కొంటాను. ఈల నేర్పిన అమ్మాయి పుట్టినరోజుకి ఇవ్వాలని మా అమ్మాయి ఇప్పటికే అడుగుతోంది.