లైబ్రేరియన్ సెర్చ్ నేర్పును కొలవడానికి ఏది మేలు: ప్రశ్నావళా, పరీక్షా, అచ్చయిన రివ్యూలా?

వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీ నుంచి జనగామ, ములుగు, భూపాలపల్లి కొత్త కాలేజీల దాకా, థీసిస్‌తో ఆగకుండా సిస్టమాటిక్ రివ్యూ (ఒక ప్రశ్న మీద వచ్చిన అధ్యయనాలన్నిటినీ వెతికి కలిపి తూచే పని) చేద్దామనుకునే పీజీలకు మొదట కావలసిన మనిషి లైబ్రేరియన్. సెర్చ్‌లో సగం పేపర్లు జారిపోతే ఆ తర్వాత ఎంత జాగ్రత్తగా లెక్కలు కట్టినా జవాబు నమ్మదగింది కాదు. మరి ఆ సెర్చ్‌కు తోడ్పడే నేర్పు లైబ్రేరియన్‌కు ఎంతుందో తేల్చేదెలా?

చవకైన దారి ప్రశ్నావళి. "మెష్ పదాలు వాడటం మీకు ఎంత బాగా వచ్చు? ఒకటి నుంచి ఐదులో చెప్పండి" అని అడుగుతారు. మెష్ అంటే వైద్య పేపర్లకు విషయాన్ని బట్టి తగిలించే నిర్ణీత పదాల జాబితా. ఒక్కరోజులో జిల్లాలన్నింటి నుంచీ జవాబులు వస్తాయి. అయితే వచ్చేది నేర్పు కాదు, తమ నేర్పు మీద వాళ్లకున్న నమ్మకం. ఈ రెండింటి మధ్య ఎంత దూరముంటుందో వైద్యుల విషయంలో 2006లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక రివ్యూ చూపించింది. డాక్టర్లు తమకు తాము వేసుకున్న అంచనాను బయటివాళ్ల అంచనాతో పోల్చిన 20 సందర్భాల్లో 13 చోట్ల పొంతన కొద్దిగానే ఉంది, లేదా అసలు లేదు, లేదా తలకిందులుగా ఉంది. లైబ్రేరియన్లు ఇందుకు మినహాయింపు అనుకోవడానికి నాకు కారణం కనపడదు. ఏ అంశం మీద శిక్షణ కావాలో అడగడానికైతే ప్రశ్నావళి సరిపోతుంది. నేర్పు తేల్చడానికి సరిపోదు.

నా ఓటు పరీక్షకే. ఒక నిజమైన ప్రశ్న ఇచ్చి సెర్చ్ రాయించాలి. మన దగ్గర ప్రశ్నలకు కొదవ లేదు. పారాక్వాట్ గడ్డిమందు తాగినవాళ్లకు ప్రత్యేకమైన విరుగుడు లేదన్న సంగతి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి వార్డుల్లో పనిచేసినవాళ్లకు చెప్పక్కర్లేదు. స్టిరాయిడ్లు, సైక్లోఫాస్ఫమైడ్ కలిపి ఇస్తే ప్రాణం నిలుస్తుందా? ఈ ప్రశ్న మీద కోక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ చేసిన సిస్టమాటిక్ రివ్యూ ఉంది కాబట్టి అందులో చేర్చిన అధ్యయనాలు మన సెర్చ్‌లో పడ్డాయో లేదో సరిచూసుకోవచ్చు.

రాసిన సెర్చ్‌ను దిద్దడానికి ప్రెస్ అనే పద్ధతి ఉంది. దాని 2015 రూపంలో చూడాల్సినవి ఆరు: ప్రశ్నను సెర్చ్‌గా మార్చిన తీరు, పదాలను కలిపే అండ్, ఆర్‌లు, మెష్ లాంటి విషయ శీర్షికలు, మామూలు పదాలు, స్పెల్లింగ్ తదితరాలు, చివరగా ఫిల్టర్లు. పారాక్వాట్ ప్రశ్నలో ఇవన్నీ బయటపడతాయి. బ్రాకెట్లు లేకుండా "పారాక్వాట్ అండ్ స్టిరాయిడ్ ఆర్ సైక్లోఫాస్ఫమైడ్" అని కొడితే, వైద్య పేపర్లు వెతికే పబ్‌మెడ్ వెబ్‌సైట్ దాన్ని ఎడమ నుంచి కుడికి చదువుతుంది. క్యాన్సర్, కిడ్నీ జబ్బులతో సహా సైక్లోఫాస్ఫమైడ్ పేపర్లన్నీ వచ్చిపడతాయి. మెష్ ఒక్కదాన్నే నమ్ముకుంటే, పబ్‌మెడ్‌లో ఉండీ, మెష్ పదాలు తగిలించే మెడ్‌లైన్ జాబితాలో లేని పత్రికల పేపర్లు జారిపోతాయి. మన దేశపు పత్రికలు కొన్ని అలాంటివే. పారాక్వాట్‌కే ఉన్న గ్రామోక్సోన్, మిథైల్ వయోలోజెన్ అన్న పేర్లు మరిచిపోవచ్చు. ఇంగ్లిష్ ఫిల్టర్ పెడితే ఇంకా నష్టం, ఈ విషం మీద పని చైనాలో చాలా జరిగింది. ఇవేవీ ఒకటి నుంచి ఐదు అంకెల్లో కనపడవు.

అచ్చయిన రివ్యూల్లోని సెర్చ్‌లను చూసి అంచనా వేయడం మూడో దారి. సెర్చ్‌ను రిపోర్టులో ఎలా రాయాలో చెప్పే, 2021లో వచ్చిన ప్రిజ్మా-ఎస్ జాబితాలోని 16 అంశాలతో ఆ పని చేయవచ్చు. కానీ అది రిపోర్టు ఎంత వివరంగా రాశారో చెబుతుందే తప్ప ఆ సెర్చ్ ఎవరి చేతిదో చెప్పదు. పైగా కొత్త కాలేజీల్లో అచ్చయిన రివ్యూలు ఎన్నుంటాయి? పెద్ద సంస్థలకు పనికొస్తుందేమో, మనకు ఇప్పుడు కాదు.

పరీక్షకూ ఒక లోటుంది. శుభ్రంగా రాసిన ప్రశ్న చేతికిస్తే అసలు కష్టమైన భాగం తప్పిపోతుంది. నిజంగా వచ్చే పీజీ "సార్, పారాక్వాట్ మీద ఉన్నవన్నీ తీసియ్యుండ్రి, రేపు గైడ్ మేడమ్‌కు చూపెట్టాలె" అంటాడు. ఎలాంటి రోగులు, ఏ చికిత్స, దేనితో పోలిక, ఏ ఫలితం అని ఓపికగా రాబట్టడం కూడా నేర్పే. 2017లో సిస్టమాటిక్ రివ్యూల లైబ్రేరియన్లకు ప్రతిపాదించిన సామర్థ్యాల జాబితాలో ఈ మాట్లాడే పనికీ చోటుంది. అందుకే పరీక్షలో ఆ అస్పష్టమైన మాటే ఇవ్వాలి, పీజీ పాత్రలో ఒకరిని ఎదుట కూర్చోబెట్టాలి.

దిద్దడానికి బయటివాళ్లను పిలవక్కర్లేదు. కరీంనగర్ వాళ్ల సెర్చ్ హనుమకొండ వాళ్లు, హనుమకొండ వాళ్లది కరీంనగర్ వాళ్లు పేర్లు తీసేసి చూస్తే చాలు. చందా కట్టి వాడే ఎంబేస్ డేటాబేస్ లేని కాలేజీలో ఎంబేస్ సెర్చ్ రాయలేదని మార్కులు కోయకూడదు. దాన్ని వెతకలేదని రిపోర్టులో చెప్పారా లేదా అన్నదానికి మాత్రం మార్కులు ఉండాలి.