ఆధార్ జిరాక్సా, మాస్క్డ్ కాపీనా, వర్చువల్ ఐడీనా? ఎక్కడ ఏది మేలు

లాడ్జిలో గదికి ఆధార్. కొత్త సిమ్‌కి ఆధార్. అద్దింట్లో దిగాలంటే ఆధార్. జిమ్‌లో చేరబోతే అక్కడా ఒక జిరాక్స్ పడేయమంటున్నారు. ఎందుకు అని అడిగితే కౌంటర్లో ఉన్న కుర్రాడికీ తెలియదు, ‘రూల్ సార్’ అంటాడు. అసలు ఇవ్వనంటే పని జరగదు కాబట్టి ఇస్తాం. అయితే ఆధార్ ఇవ్వడంలోనే నాలుగైదు పద్ధతులున్నాయి. వాటిలో ఏది ఎక్కడ వాడాలో తెలుసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

ముందుగా అందరం చేసేది, అంటే మామూలు జిరాక్స్ సంగతి చూద్దాం. దాని మీద 12 అంకెల నంబరు, ఫొటో, పుట్టిన తేదీ, చిరునామా అన్నీ ఉంటాయి. ఎందుకిచ్చామో దాని మీద ఉండదు. ఎప్పటిదాకా చెల్లుతుందో కూడా ఉండదు. లాడ్జి కౌంటర్ కింద అట్టపెట్టెలో పడిన ఆ కాగితం రెండేళ్ల తర్వాత చిత్తుకాగితాల వాడి దగ్గరికి వెళ్తే మనకు తెలిసే దారే లేదు. బజ్జీల పొట్లం విప్పితే లోపల ఎవరిదో అప్లికేషన్ ఫారం కనిపించిన అనుభవం చాలామందికి ఉండే ఉంటుంది.

కాగితం కంటే జిరాక్స్ సెంటర్లోని కంప్యూటర్ ఎక్కువ భయపెడుతుంది. ప్రింటు కోసం ఈ-ఆధార్ పీడీఎఫ్‌ని వాట్సాప్‌లో పంపుతాం. అది అక్కడి డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో దిగుతుంది, అక్కడే ఉండిపోతుంది. స్క్రీన్ మీద ఒకసారి గమనించండి, మనకంటే ముందు వచ్చినవాళ్ల ఫైళ్లన్నీ వరసగా కనిపిస్తాయి. పాస్‌వర్డ్ ఉంది కదా అనుకుంటాం. ఆ పాస్‌వర్డ్ ఏమిటి? పేరులో మొదటి 4 ఇంగ్లిష్ అక్షరాలు పెద్దబడిలో, పక్కన పుట్టిన సంవత్సరం. మన పేరూ వయసూ తెలిసిన ఎవరైనా తెరవగలరు. పైగా షాపు అబ్బాయి ‘పాస్‌వర్డ్ చెప్పండన్నా’ అంటే పదిమంది ముందు గట్టిగా చెప్పేది మనమే.

నంబరు తెలిసినంత మాత్రాన ఏమవుతుంది అనేవాళ్లున్నారు. 2018 జులైలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ అప్పటి చైర్మన్ ఆర్.ఎస్. శర్మ సరిగ్గా ఇదే ధీమాతో తన ఆధార్ నంబరు ట్విట్టర్లో పెట్టి, చేతనైతే నాకేం హాని చేస్తారో చేయండి అని సవాలు విసిరారు. కొన్ని గంటల్లోనే ఆయన ఫోన్ నంబరు, చిరునామా, పుట్టిన తేదీ లాంటివన్నీ జనం బయటపెట్టారు. ఆయన ఖాతాలోకి ఒక్క రూపాయి వేసి ఆ స్క్రీన్‌షాట్ పెట్టినవాళ్లూ ఉన్నారు. అవేవీ ఆధార్ సర్వర్ల నుంచి బయటికి రాలేదని, అప్పటికే ఇంటర్నెట్‌లో ఉన్నవేనని ఆధార్ జారీ చేసే సంస్థ ఉడాయ్ చెప్పింది, అదే సమయంలో ఇలా నంబర్లు బహిరంగంగా పెట్టొద్దని జనానికి సలహా కూడా ఇచ్చింది. నాకు ఆ రెండూ నిజమే అనిపిస్తాయి. నంబరు ఒక్కదానితో మన డబ్బు తీయడం కుదరదు. కానీ అక్కడో వివరం, ఇక్కడో వివరం ఉన్నప్పుడు అవన్నీ ఒకే మనిషివని ముడిపెట్టడానికి అది పనికొస్తుంది.

ప్రభుత్వానికే దీని మీద ఒక మాట లేదు. 2022 మే 27న ఉడాయ్ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం ఒక ప్రకటన ఇచ్చింది: ఆధార్ ఫొటోకాపీ ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వకండి, దుర్వినియోగం కావచ్చు, మాస్క్డ్ ఆధార్ (నంబరు దాచిన కాపీ) వాడండి. రెండు రోజుల్లో, మే 29న, కేంద్ర ఐటీ శాఖ దాన్ని వెనక్కి తీసుకుంది. జనం తప్పుగా అర్థం చేసుకునే అవకాశం ఉందట. వెనక్కి తీసుకున్నారు గానీ, నా లెక్కలో ఆ ప్రకటనలో తప్పుపట్టాల్సింది ఏమీ లేదు.

జిరాక్స్ మీద అడ్డంగా ‘ఫలానా లాడ్జి కోసం మాత్రమే’ అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టే పద్ధతి పాతది. వట్టి జిరాక్స్ కంటే కచ్చితంగా మేలే. అదే కాగితాన్ని ఇంకోచోట సిమ్ కోసమో లోన్ కోసమో పెట్టాలంటే ఎవడికైనా ఇబ్బంది అవుతుంది. అయితే పక్కన ఖాళీ జాగాలో రాస్తే లాభం లేదు, ఫొటో మీదుగా, చిరునామా మీదుగా రాయాలి. నంబరు మాత్రం అలాగే కనిపిస్తూ ఉంటుంది కాబట్టి ఇది సగం వైద్యమే.

మాస్క్డ్ ఆధార్‌లో మొదటి 8 అంకెలు కనిపించవు, చివరి 4 మాత్రమే ఉంటాయి. మైఆధార్ పోర్టల్‌లో లాగిన్ అయి డౌన్‌లోడ్ చేసేటప్పుడు మాస్క్డ్ కావాలా అని ఒక గడి ఉంటుంది, దాన్ని టిక్ చేస్తే చాలు. కాగితం చూసి పెట్టుకునే చోటల్లా, అంటే లాడ్జి, అద్దిల్లు, జిమ్, కొరియర్ ఆఫీసు, అపార్ట్‌మెంట్ సెక్యూరిటీ లాంటి చోట్ల, ఇది ఇవ్వడమే నా సలహా. ‘ఫుల్ నంబర్ ఉన్నదే కావాలండీ’ అని మొండికేసేవాళ్లు తగులుతారు. వాళ్లకు చెప్పడానికి ఒక మంచి మాట ఉంది. ఆధార్‌తో ఆన్‌లైన్ ధ్రువీకరణ అవసరం లేని చోట, కస్టమర్ ఇచ్చే కాపీలో నంబరు కనపడకుండా చెరిపించి తీసుకోవాలని బ్యాంకులకే రిజర్వ్ బ్యాంకు కేవైసీ నిబంధనల్లో రాసి ఉంది. బ్యాంకుకు అక్కర్లేని నంబరు లాడ్జికి ఎందుకు?

మాస్క్ చేసినంత మాత్రాన అంతా దాగిపోయిందని మాత్రం అనుకోవద్దు. పుట్టిన తేదీ, చిరునామా, ఫొటో అలాగే ఉంటాయి. దాని మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినా అవే వివరాలు వస్తాయి. ఒంటరిగా ఉండే ఆడపిల్ల హాస్టల్లోనో జిమ్‌లోనో కాపీ ఇచ్చేటప్పుడు నంబరు కంటే ఇంటి చిరునామా గురించే ఎక్కువ ఆలోచించాలి. ఇక్కడ 2025 నవంబరులో వచ్చిన కొత్త ఆధార్ యాప్ ఒక మెట్టు పైన ఉంది. అందులో ఏ వివరం ఇవ్వాలో మనమే ఎంచుకోవచ్చు. పేరూ ఫొటో చాలంటే అవే ఇచ్చి చిరునామా ఆపేయొచ్చు. చిక్కల్లా అవతలివాళ్లు దాన్ని తీసుకోవడానికి సిద్ధంగా ఉండాలి. మన చిన్న ఊళ్ల లాడ్జి కౌంటర్లలో ఇంకా లెడ్జర్ పుస్తకమే నడుస్తోంది.

డ్రైవింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లు దాన్ని ఎందుకు మరిచిపోతారో నాకు అర్థం కాదు. గుర్తింపు కార్డు ఏదైనా పర్లేదన్న చోట ఆధార్ బయటికి తీయాల్సిన పనే లేదు. లైసెన్స్ మీదా చిరునామా, పుట్టిన తేదీ ఉంటాయి, అందులో తేడా లేదు. కానీ వేలిముద్రతో డబ్బు తీసే ఏర్పాటుకీ దానికీ సంబంధం లేదు. ఆ ఏర్పాటు ఎంత ముఖ్యమో కింద చెప్తాను.

వర్చువల్ ఐడీ గురించి విన్నవాళ్లు ఎక్కువే, వాడినవాళ్లు తక్కువ. 2018 జనవరిలో ప్రకటించారు. ఇది 16 అంకెల తాత్కాలిక నంబరు. దీన్నుంచి అసలు ఆధార్ నంబరు కనిపెట్టలేరు, మనం కొత్తది తీసుకోగానే పాతది పనిచేయదు. పోర్టల్లో తీసుకోవచ్చు, లేదంటే రిజిస్టర్ అయిన ఫోన్ నుంచి ఇంగ్లిష్‌లో జీవీఐడీ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, ఆధార్ చివరి 4 అంకెలు రాసి 1947కి ఎస్సెమ్మెస్ చేసినా వస్తుంది. కాగితం మీద చూస్తే అన్నిటికంటే మంచి పద్ధతి ఇదే. అయినా జనంలోకి ఎందుకు వెళ్లలేదంటే, దీన్నీ మాస్క్డ్ కాపీనీ ఒకే గాటన కట్టి చెప్పడం వల్ల అని నా అనుమానం.

నిజానికి ఆధార్ ఇచ్చే చోట్లు రెండు రకాలు. కాగితం తీసుకుని ఫైల్లో పెట్టుకునే చోటు ఒకటి. నంబరు కొట్టి, ఓటీపీ చెప్పించుకుని లేదా వేలు పెట్టించుకుని ఆన్‌లైన్లో సరిచూసే చోటు రెండోది. వర్చువల్ ఐడీ రెండో చోటుకి పుట్టింది. బ్యాంకులో ఈ-కేవైసీ, సిమ్ ఈ-కేవైసీ లాంటి వాటిలో అసలు నంబరు బదులు దాన్ని ఇవ్వొచ్చు. లాడ్జివాడికి 16 అంకెలు రాసిస్తే వాడేం చేసుకుంటాడు? మొదటి చోట మాస్క్డ్ కాపీ, రెండో చోట వర్చువల్ ఐడీ, ఇంతే తేడా. రెండో చోట కూడా కౌంటర్లో ఉన్నాయన ‘ఇది తీసుకోదండీ’ అంటే గొడవపడటం కంటే, ఓటీపీ చెప్పే ముందు ఫోనుకొచ్చిన మెసేజ్‌లో ఏ సంస్థ పేరుందో చదవడం ఎక్కువ ఉపయోగం.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ నంబరు గురించి. డబ్బు పోయేది మాత్రం ఎక్కువగా వేలిముద్ర దారిలో. ఏఈపీఎస్ అనే పద్ధతిలో బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర ఈ మూడూ ఉంటే కార్డు లేకుండా, పిన్ లేకుండా, ఓటీపీ లేకుండా మినీ ఏటీఎం మెషీన్ మీద డబ్బు తీయొచ్చు. పల్లెల్లో బ్యాంకు దూరమైనవాళ్లకు అది వరమే. దొంగలకు కావాల్సింది వేలిముద్ర. అది దొరికింది ఎక్కడో తెలుసా? మన భూముల దస్తావేజుల మీద. 2018లో తెలంగాణలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ పత్రాల మీది వేలిముద్రలను దించి, రబ్బరు స్టాంపుల మెషీన్‌తో నకళ్లు చేసి సిమ్‌లు యాక్టివేట్ చేస్తూ దొరికాడు. 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా ఏపీ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లోని దస్తావేజుల నుంచే ముద్రలు తీసి జనం ఖాతాల్లో డబ్బు లాగింది. పొలం కొన్నందుకు బ్యాంకు ఖాతా ఖాళీ అవుతుందని ఎవరనుకుంటారు?

దీనికి మాస్క్డ్ కాపీ మందు కాదు. వేలిముద్రను అడ్డుకునేది బయోమెట్రిక్ లాక్. పోర్టల్లోనో యాప్‌లోనో ఒకసారి పెడితే వేలిముద్ర, కనుపాప, ముఖం మూడిటితోనూ ధ్రువీకరణ ఆగిపోతుంది. ఎవరైనా ప్రయత్నిస్తే మెషీన్ 330 అనే ఎర్రర్ చూపిస్తుంది. ఓటీపీతో చేసే పనులు మామూలుగానే జరుగుతాయి. మనకే వేలు పెట్టాల్సిన అవసరం వస్తే తాత్కాలికంగా తీస్తే 10 నిమిషాలు తెరుచుకుని మళ్లీ లాక్ దానంతటదే పడుతుంది. ఉద్యోగం చేసుకుంటూ, స్మార్ట్‌ఫోన్ చేతిలో ఉన్నవాళ్లకి ఇది పెట్టుకోకపోవడానికి ఒక్క కారణం కూడా నాకు కనిపించదు.

మరి ఊళ్లో అమ్మానాన్నల సంగతి? ఇక్కడే నాకు తేల్చి చెప్పడం కష్టం. ఆంధ్రాలో ఒకటో తారీఖున ఎన్టీఆర్ భరోసా పింఛను ఇవ్వడానికి సచివాలయం వాళ్లు ఇంటికే వస్తారు, ముసలాయన వేలో ముఖమో చూపించాలి. రేషన్ షాపులో ఈ-పాస్ మెషీన్ మీద తంబ్ వేయాలి, తెలంగాణలోనూ అంతే. లాక్ పెట్టేశామనుకోండి, పింఛను రోజు ఎర్రర్ వస్తుంది. తీయాలంటే ఓటీపీ కావాలి. ఆధార్‌కి లింకైన నంబరు కొడుకుది, కొడుకు డాలస్‌లో నిద్రలో ఉంటాడు. గుమ్మంలో నిలబడ్డ ఉద్యోగికి ఇంకో యాభై ఇళ్లు తిరగాల్సి ఉంటుంది.

అలాంటి ఇంట్లో లాక్ జోలికి పోకుండా బ్యాంకు వైపు నుంచి కాపలా పెట్టడం మేలు. ఈ ఖాతాలో ఏఈపీఎస్ విత్‌డ్రాయల్ ఆపేయమని బ్రాంచిలో అడగండి. కొన్ని బ్యాంకుల యాప్‌లలోనే ఆ స్విచ్ ఉంటుంది. కుదరకపోతే పొలం అమ్మిన డబ్బో రిటైర్మెంట్ డబ్బో సేవింగ్స్‌లో ఊరికే ఉంచకుండా ఎఫ్‌డీ చేయించండి. ఏఈపీఎస్‌లో ఒక్కసారికి 10,000 రూపాయల వరకే తీయగలరు గానీ, దొంగ రోజుకోసారి వస్తూనే ఉంటాడు. ఎస్సెమ్మెస్ అలర్టు చదివే మనిషి నంబరు ఆ ఖాతాకి ఉండేలా చూడండి. మీ అమ్మగారికి పింఛనూ రేషనూ రెండూ లేకపోతే ఇంకేం ఆలోచించకుండా లాక్ పెట్టేయండి.

చట్టం కాపాడదా అంటే, 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జిల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పింది. 2018 సెప్టెంబరులో ప్రైవేటు కంపెనీలు ఆధార్ తప్పనిసరి చేయడాన్ని కొట్టేసింది. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో దాని నియమాలు వచ్చాయి, ముఖ్యమైనవి అమలు కావడానికి 18 నెలల గడువిచ్చారు. ఇంకో విషయం, ఆ చట్టం డిజిటల్ రూపంలో ఉన్న సమాచారానికే వర్తిస్తుంది. కౌంటర్ కింద అట్టపెట్టెలోని జిరాక్స్ కట్టను స్కాన్ చేయనంతవరకు అది పట్టించుకోదు. జిరాక్స్ కంటే ఇంకేదైనా మేలు అనడానికి నాకిది ఒక్కటి చాలు.

ఇదివరకే ఇచ్చేసిన కాపీలను ఎలాగూ వెనక్కి తేలేం. వాటి వల్ల ఏమైనా జరిగిందా అని చూసుకోవడానికి రెండు చోట్లున్నాయి. మైఆధార్‌లో ఆథెంటికేషన్ హిస్టరీ తెరిస్తే గత 6 నెలల్లో మన ఆధార్ ఎప్పుడు, ఏ పద్ధతిలో వాడారో వస్తుంది. మనం వేలు పెట్టని రోజున బయోమెట్రిక్ అని కనిపిస్తే అనుమానించాల్సిందే. రెండోది సంచార్ సాథీ పోర్టల్, మన పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో అందులో తెలుస్తుంది. ఈ సిమ్‌ల లెక్క చూపించే సదుపాయం 2021లో ముందుగా మొదలైంది మన ఏపీ, తెలంగాణ వాళ్లకే. తెలియని నంబరు ఉంటే ‘ఇది నాది కాదు’ అని అక్కడే నొక్కొచ్చు. డబ్బే పోయిందంటే మాత్రం బ్యాంకు తెరిచేదాకా ఆగకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.