ఆరేళ్ళుగా ఆల్జినేట్ కలుపుతున్నాను

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. బండారులంక నుంచి తెల్ల నూలు చీరలు తెచ్చుకుని, పెడనలో చెక్కించుకున్న టేకు అచ్చులతో ఇంట్లోనే అద్దకం వేస్తాను. నూలు పోగుతో రసాయనికంగా కలిసిపోయే రియాక్టివ్ రంగులు వాడతాను. ఆ రంగులు చిక్కబడటానికి ఆరేళ్ళ నుంచీ సోడియం ఆల్జినేట్ అనే జిగురు పొడే. దానిమీద నా కోపం, ఇష్టం రెండూ ఇక్కడ రాస్తున్నాను.

మొదట్లో దాని ధర చూసి భయపడి మైదా ఉడకేసుకున్నాను. అచ్చు ఎంత చక్కగా పడిందో! అంచులు గీసినట్టు వచ్చాయి. నా అంతటి పనిమంతురాలు జిల్లాలో లేదనుకున్నాను. ఆవిరి పట్టి ఉతికేసరికి రంగులో సగానికి పైగా బకెట్లోకి దిగిపోయింది, మిగిలిన పువ్వుల దగ్గర చీర అట్టలా బిగుసుకుపోయింది. రియాక్టివ్ రంగుకి నూలూ మైదా ఒక్కటేనని తర్వాత తెలిసింది. రెండూ చక్కెర గొలుసులే కాబట్టి రంగు గుడ్డని పట్టుకోవాల్సింది పోయి జిగురునే పట్టుకుంటుంది. గ్వార్ గమ్‌తోనూ అదే గొడవ. అదేమిటో అనుకునేరు, మనం కూర వండుకునే గోరుచిక్కుడు గింజల పిండే. పట్టు మీద యాసిడ్ రంగులు అద్దేటప్పుడు మాత్రం నేను దాన్నే వాడతాను, అక్కడ ఏ పేచీ లేదు.

ఆల్జినేట్‌ని సముద్రంలో పెరిగే గోధుమరంగు నాచు నుంచి తీస్తారు. దాని గొలుసుల మీద రుణావేశం ఉంటుంది, రంగు మీదా అదే. ఒకదాన్నొకటి తోసుకుంటాయి. అందుకే రంగు జిగురుని వదిలేసి నూలుకి అతుక్కుంటుంది. ఉతికితే జిగురంతా పోయి చీర మెత్తగా వస్తుంది. మైదా నుంచి దీనికి మారిన రోజు, ఉతికిన చీరని చెంపకి ఆనించుకుని చూసుకున్నాను.

నా కొలత ఇది. లీటరు నీళ్ళలో 5 గ్రాముల హెక్సామెటాఫాస్ఫేట్ (నీళ్ళలో సున్నాన్ని అణిచే పొడి) కరిగిస్తాను. 100 గ్రాముల యూరియాలో 35 గ్రాముల ఆల్జినేట్ పొడి పొడిగానే కలిపి, ఒకళ్ళు కవ్వంతో చిలుకుతుంటే ఇంకొకళ్ళు కొద్దికొద్దిగా చల్లాలి. యూరియా లేకుండా ఒట్టి పొడి వేశారో, పైన తడిసి లోపల పొడిగా ఉండే ఉండలు కడతాయి, అవి ఎంత చిలికినా విడవవు. రాత్రంతా నానాక గరిటె ఎత్తితే తెగకుండా తీగలా జారాలి. రంగు కలిపి, అద్దబోయే ముందు 25 గ్రాముల తినే సోడా వేస్తాను. సోడా పడిన రంగు ఆ రోజే అయిపోవాలి. రేపటికి దాచుకుంటే పువ్వు పాలిపోయి వస్తుంది.

ఇంతవరకూ ఎవరైనా చెప్తారు. కోనసీమలో కూర్చుని ఈ పని చేసేవాళ్ళకి అసలు టెన్షన్ నీళ్ళతోనే. సున్నం తగిలితే ఆల్జినేట్ గడ్డకడుతుంది. కాలవ పారినన్నాళ్ళూ నాకు ఏ ఇబ్బందీ ఉండదు. వేసవిలో కాలవలు కట్టేశాక బోరు నీళ్ళే గతి. మా బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ, వాటితో పప్పే సరిగా ఉడకదు, ఇక ఆల్జినేట్ ఏం కరుగుతుంది? మొదటి వేసవిలో ఆ నీళ్ళతో కలిపితే రవ్వ రవ్వగా తేలింది. పొడిలో కల్తీ ఉందని కొట్టువాడితో పోట్లాడి వచ్చాను. పాపం, తప్పు అతనిది కాదు. ఆ హెక్సామెటాఫాస్ఫేట్ సున్నాన్ని తన దగ్గర పట్టి ఉంచుతుంది కాబట్టి బోరు నీళ్ళయితే దాన్ని 10 గ్రాములు చేస్తాను. అప్పటికీ కాలవ నీళ్ళంత నునుపు రాదు.

కాలవ నీళ్ళతో ఇంకో మెలిక ఉంది. బురద తేరడానికి మా అత్తగారు బిందెలో పటిక తిప్పుతారు. పటిక కూడా ఆల్జినేట్‌ని గడ్డకట్టిస్తుంది! అందుకని నా బిందె వేరు. ఒక రాత్రి ఊరికే తేరనిచ్చి పాత పంచెలో వడకట్టుకుంటాను. (పటికతోనే పని ఉండే కలంకారీ పద్ధతికి తుమ్మబంక వాడుకోండి, ఆల్జినేట్ జోలికి వెళ్ళకండి.)

వానాకాలంలో యూరియా తగ్గించాలి. గుడ్డ ఆవిరిలో ఉన్నప్పుడు తేమ పట్టి ఉంచడానికి దాన్ని వేస్తాం. మా ఊళ్ళో ఆగస్టులో గోడలే చెమర్చుతుంటాయి. 100 గ్రాములు వేస్తే ఆవిరి పాత్రలో పువ్వు అంచు పాకి ఆకులోకి వెళ్ళిపోతుంది. ఆ నెలల్లో 50తో సరిపెడతాను. ఆవిరికి పాత ఇడ్లీ పాత్ర పెట్టుకున్నాను, అందులో మళ్ళీ తినేవి వండను. చీరని పేపర్లో చుట్టి, మూత కింద మందపాటి గుడ్డ వేసి అరగంట పైన ఉంచుతాను. ఆ గుడ్డ మర్చిపోతే మూత నుంచి కారిన ప్రతి బొట్టూ ఒక మచ్చే.

నిలవ దగ్గర దీనికి మార్కులు తక్కువ. రంగు కలపని జిగురు బయట రెండు రోజులు ఉంటే నీరుగారి పాచి వాసన కొడుతుంది. ఫ్రిజ్‌లో పెడితే రెండు వారాలు ఆగుతుంది. సీసా మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి, మా ఇంట్లో ఒకసారి సగ్గుబియ్యం పాయసం అనుకుని గిన్నెలో వంపేశారు. పొడి డబ్బా మూత కూడా బిగుతుగా ఉండాలి, లేకపోతే వానల్లో గడ్డలే.

ఇంకో చిక్కు, పొట్లం మీద రకం రాయరు. చిక్కరకం అయితే 35 గ్రాములు చాలు, పల్చరకం అయితే దానికి రెట్టింపైనా చాలదు. అడిగి కొనండి. అడిగినా చెప్పలేకపోతే పావుకిలో తెచ్చి, ఒక గ్లాసు నీళ్ళలో కలిపి చూసుకోండి.

కిందటి వేసవిలో ఒకావిడ దుపట్టా తిరిగి పంపింది, గరగరలాడుతోందని. అద్దింది తేరిన కాలవ నీళ్ళతోనే, కానీ తొందరలో ఉతికింది బోరు నీళ్ళలో. జిగురు గుడ్డలో ఉండగానే సున్నం తగిలి గట్టిపడిపోయింది. హెక్సామెటాఫాస్ఫేట్ కలిపిన వేడి నీళ్ళలో రెండుసార్లు నానబెడితే చాలావరకు వదిలింది. అప్పటి నుంచి పెంకుటింటి చూరు కింద రెండు డ్రమ్ములు పెట్టాను. మొదటి ఉతుకు వాన నీళ్ళతోనే.