లాటెక్‌లో అకడమిక్ సీవీ: మూడేళ్లు వాడాక

మూడేళ్లుగా నా సీవీ లాటెక్‌లోనే (మామూలు టెక్స్ట్‌లో ఆదేశాలు రాస్తే పీడీఎఫ్ చేసిచ్చే సాఫ్ట్‌వేర్) ఉంది. మొదటి ఏడాది దరఖాస్తు పెట్టిన చోటల్లా తిరస్కారమే. రెండో ఏడాది మాస్టర్స్‌లో సీటొచ్చింది, ఇప్పుడు పీహెచ్‌డీ దరఖాస్తులకూ అదే ఫైలు. సీటు రావడంలో సీవీ వాటా ఎంతో చెప్పలేను గానీ, సీవీతో పడ్డ పాట్లు మాత్రం బాగా చెప్పగలను.

మొదలుపెట్టేనాటికి నా పరిశోధనంతా ఒక ఫైనలియర్ ప్రాజెక్టు, ఒక ప్రొఫెసర్ దగ్గర రెండు నెలలు చేసిన సర్వే పని. పేపర్లు సున్నా. ఆ లోటు కనబడకూడదని రెండు నిలువు వరుసల రంగుల టెంప్లేట్ ఎంచుకున్నాను. ఎడమపక్క నైపుణ్యాలకు చుక్కలుండేవి. పైథాన్‌కు ఐదింటిలో నాలుగు వేసుకున్నాను. మా గైడ్ చూసి, "ఆ ఐదో చుక్క ఏం నేర్చుకుంటే వస్తుందమ్మా?" అన్నారు. ఆ రాత్రే టెంప్లేట్ తీసేసి లాటెక్‌తో పాటే వచ్చే సాదా నమూనా, ఆర్టికల్ క్లాస్‌కు మారాను. ఒకటే వరుస, 11 పాయింట్ అక్షరం, రంగుల్లేవు. తీరా చూస్తే సరుకు ముప్పావు పేజీ కూడా లేదు.

ఆ ఖాళీని మార్జిన్లు పెంచి నింపబోయాను, నచ్చలేదు. అసలు లోపం సర్వే పని గురించి రాసిన ఒక్క లైన్లో ఉంది: "డేటా సేకరణలో సహాయం". ఇది ఎవరైనా రాయొచ్చు. కూర్చుని గుర్తు చేసుకుంటే, 240 ప్రశ్నావళులు కోడ్ చేసింది (అంటే జవాబులను వర్గాలుగా విడగొట్టి గుర్తులిచ్చింది) నేను. నాకూ ఇంకో అమ్మాయికీ కోడింగ్‌లో తేడా వచ్చిన ప్రశ్నలు ఏరి, కోడ్‌బుక్‌లో (ఏ జవాబుకు ఏ గుర్తో రాసుకునే పట్టిక) నిర్వచనాలు సవరించిందీ నేనే. ఒక్క లైను మూడయింది, అబద్ధం ఒక్కటీ లేదు. ప్రాజెక్టునూ అలాగే తిరగరాశాను: ప్రశ్న ఏమిటి, ఏ పద్ధతి వాడాం, అందులో నా చేతి పని ఎంత. మార్కుల కింద ఉన్న కోర్సుల చాంతాడు తీసేసి, టర్మ్ పేపర్ రాసిన రెండు కోర్సులను మాత్రం పేపర్ శీర్షికతో సహా ఉంచాను.

ఇక లాటెక్ నాకు చేసిన అసలు అన్యాయం. ప్రశ్నల వరుస మార్చడం వల్ల ఖాళీ జవాబులు 18% తగ్గాయని గర్వంగా ఒక వాక్యం రాశాను. ఇంగ్లీషులో శాతం ముందొచ్చి కారణం వెనకొస్తుంది కదా, పీడీఎఫ్‌లో నా వాక్యం 18 దగ్గర ఆగిపోయింది. లాటెక్‌కు శాతం గుర్తంటే 'ఇక్కణ్ణుంచి లైను చివరిదాకా పట్టించుకోవద్దు' అని అర్థం. ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి. & గుర్తు తప్పుగా పడితే కనీసం ఎర్రర్ ఇస్తుంది, ఇది మాత్రం నోరు మెదపదు. నాలుగు చోట్లకు పంపేశాక చూసుకున్నాను. అప్పట్నుంచి పంపేముందు పీడీఎఫ్‌ను పైకి చదువుతున్నాను.

నా పరిశోధన పోస్టర్‌ను సీవీలో ఎక్కడ చూపాలన్న విషయంలోనూ కొంత టెన్షన్ పడ్డాను. జెనోడోలో (పరిశోధన ఫైళ్లు ఎవరైనా పెట్టుకోగల వెబ్‌సైట్) పెడితే డీఓఐ (ఆన్‌లైన్ పత్రానికిచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) వచ్చింది, సంబరంగా 'పబ్లికేషన్స్' కింద చేర్చాను. డీఓఐ ఎవరికైనా వస్తుంది, పీర్ రివ్యూ (అదే రంగం నిపుణుల పరిశీలన) జరిగినట్టు కాదు. దాన్ని 'ప్రెజెంటేషన్స్' కిందికి మార్చాక పబ్లికేషన్స్ అన్న హెడింగే మిగల్లేదు. సగం రాసిన పేపర్ ఒకటుంటే 'ఇన్ ప్రిపరేషన్' అని పెట్టాను. 'అండర్ రివ్యూ' అనాలంటే జర్నల్‌కు పంపి ఉండాలిగా.

వర్డ్ బాగా వచ్చినవాళ్లు దీనికోసం లాటెక్ నేర్చుకోనక్కర్లేదు. నాకు మొదటి రెండు రోజులు ఖాళీలు సర్దడానికే సరిపోయాయి. గైడ్ దిద్దాలన్నా పీడీఎఫ్ మీద వ్యాఖ్యలు రాసివ్వాలి, నేను మళ్లీ ఫైల్లో ఎక్కించాలి. అయినా ఐదుకి నాలుగిస్తాను (చుక్కలు కావు, మార్కులు), అదీ ఆ శాతం గుర్తు వల్లే. బోధన అడగని చోటికి ట్యూటరింగ్ లైన్ల ముందు % పెడతాను, అడిగినచోట తీస్తాను. ఇప్పుడు ఫైల్లో కనబడే లైన్లకన్నా దాచిన లైన్లే ఎక్కువ. స్కూల్లో గెలిచిన క్విజ్ బహుమతి కూడా % వెనకాల అలాగే పడుంది, చెరపబుద్ధి కాలేదు.